ఇంటి విద్యుత్ తీగల అతుకులు

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. నేడు ఆ యానకట్టయొద్ద కృష్ణాజలము ఎనిమిది యంత్రములను త్రిప్పుచున్నది. జూరాలయొద్ద ఒక్కొక్కటి 39 మెగావాట్ల శక్తి గల ఆరు యంత్రములు కలవు. దామరచర్లయొద్ద బొగ్గును మండించి విద్యుత్తును పుట్టించుచున్నారు. ఇట్లు పుట్టిన శక్తి ఉక్కు స్తంభములమీదుగా గుట్టలను దాటి, ఉపకేంద్రములలో దిగి, వీధి ట్రాన్స్‌ఫార్మరుచే తగ్గింపబడి, 230 వోల్టులతో నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల యిండ్లకు చేరుచున్నది. దారి పొడుగునను దానిని కనిపెట్టియుండుటకు ఇంజనీర్లును లైన్‌మెన్లును కలరు. మీటరు దాటిన పిమ్మట కనిపెట్టవలసినవారు ఇంటివారే. ఇంత దూరము వచ్చిన శక్తి తుదకు గోడలోనో, పైకప్పుక్రిందనో, నల్లని టేపు చుట్టిన యొక చిన్న మెలికగుండ పోవలసివచ్చుచున్నది. ఆ మెలికను గూర్చియే మేమీ వ్యాసమున వ్రాయదలచితిమి.

ఇల్లు కాలినదని వినగానే షార్టు సర్క్యూటని యందఱును అనుట వాడుకయైనది. షార్టు సర్క్యూటనగా ఫేజు తీగ న్యూట్రలు తీగను నేరుగా తాకుట. అట్లు తాకినయెడల విద్యుత్ప్రవాహము ఒక్కసారిగా మిక్కిలి పెరుగును. ఫ్యూజు కరగిపోవును, లేక ఎం.సి.బి. మీట క్షణములో పడిపోవును. ఇది పెద్ద కీడే యైనను దీనికి కావలివాడున్నాడు. వదులైన యతుకు సంగతి వేఱు. దానియందు ప్రవాహము పెరుగదు. పైగా రవంత తగ్గును. ఫ్యూజునకు తెలియునది ప్రవాహపు పరిమాణమొక్కటే కనుక అది నిశ్చింతగా నుండును. అతుకు మాత్రము లోలోపల కాలుచుండును. తీగ తొడుగు కరగి రెండు తీగలు కలిసికొనువఱకు ఫ్యూజు మేల్కొనదు. అంతకు ముందే ప్రక్కనున్న దూలమో, కప్పుక్రింది తడకయో అంటుకొనవచ్చును. భూమిలోనికి కారెడి ప్రవాహమును పట్టుకొను ఆర్.సి.సి.బి. యను సాధనము సయితము ఇక్కడ పనికిరాదు. కారుట లేనిచో అది కదలదు. మా విద్యార్థులు ఈ యొక్క సంగతిని బాగుగా గ్రహించినయెడల తక్కినదంతయు సులభము.

లెక్క వేసి చూతము. ప్రవాహపు వర్గమును నిరోధముతో గుణించినచో వేడి వచ్చునని పదవ తరగతివారు చదివియేయున్నారు. ఒక యతుకునకు 0.2 ఓము నిరోధమున్నదనుకొందము. దానిగుండ 9 వాట్టుల ఎల్.ఇ.డి. దీపము వెలుగుచున్నప్పుడు ప్రవాహము ఇంచుమించు 0.04 ఆంపియరు. అప్పుడు అతుకులో పుట్టెడి వేడి వాట్టులో మూడువేలవ వంతు. అది చీమకైనను తెలియదు. చలికాలము వచ్చినది, అదే యతుకునుండి 2,000 వాట్టుల గీజరునకు తీగ తీసిరనుకొనుడు. ప్రవాహము 8.7 ఆంపియర్లగును. 8.7ను 8.7తో గుణించి, దానిని మరల 0.2తో గుణింపగా 15 వాట్టులు వచ్చును. చింతగింజంత చోటున, గాలి యాడని గోడపెట్టెలో, టేపు దుప్పటి కప్పుకొని 15 వాట్టులు! రేడియో బాగుచేయువారి టంకపు కడ్డీ 25 వాట్టులతోనే సీసమును కరగించుచున్నది. ఇంతలో అతుకువద్ద తగ్గు వోల్టులు 1.7 మాత్రమే కనుక గీజరు ఎప్పటివలెనే నీళ్లు కాచుచుండును. ఇంటిలో నెవరికిని అనుమానము తోచదు. పదియేండ్లనుండి చెడని యతుకు గీజరు పెట్టిన చలికాలముననే యేల చెడెనని అడుగువారికి ఈ లెక్కయే సమాధానము.

చెడుట ప్రారంభమైన యతుకు నానాటికి మఱింత చెడును. రాగి వేడికి వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచించి, పట్టు సడలును. దాని పైభాగమున నల్లని పొర పట్టును. నిరోధము పెరుగును, నిరోధము పెరుగగా వేడి పెరుగును. ఇండ్లలో వాడెడి సామాన్యపు తీగల పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటిగ్రేడువఱకు నిలుచునట్లు చేయబడినది. మన మెట్టసీమలో వేసవి యెండలు 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. రేకుల యింటి కప్పుక్రింద అంతకంటెను మించును. కాబట్టి మన యతుకునకు మిగిలిన యెడము 25 డిగ్రీలే. చలిదేశములవారు తమ యిండ్లకొఱకు వ్రాసికొనిన పుస్తకములను చదువునప్పుడు ఈ భేదమును మఱువరాదు.

మన యూళ్లలో ఎక్కువగా కనబడునది మెలికయు టేపును. తొడుగును పండ్లతో ఊడబెఱికి, రెండు కొనలను వ్రేళ్లతో మెలిపెట్టి, టేపు చుట్టుదురు. ఊడబెఱుకునప్పుడే నాలుగైదు పోగులు తెగుట కద్దు. మెలికయందు తీగను తీగ నదిమిపట్టెడి బలము మొదటి దినమున నున్నంత మఱుసటి యేట నుండదు. దానిని బిగించి యుంచునది ఏదియు లేదు. టేపు బంక వేసవిలో కారి, టేపు తనంతట తానే విచ్చుకొనును. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో నేటికిని మ్యారీడు జాయింటు, బ్రిటానియా జాయింటు, వెస్టర్న్ యూనియన్ జాయింటు అని మెలికల రకములను నేర్పుచున్నారు. వీనిలో కడపటిది టెలిగ్రాఫు తీగలకొఱకు పుట్టినది. ఇంటి తీగపనిలో మెలికకు టంకము పోయుట పూర్వపు పద్ధతి. టంకము లేని మెలిక ఆ పద్ధతిలో సగము పని మాత్రమే. నేడు మనవారు నిలుపుకొనినది ఆ సగమే. టంకము పోయువారు రాళ్లబంకను వాడవలెను గాని ఆమ్లమును వాడరాదు. ఆమ్లము తీగను లోపలినుండి తినివేయును. మఱియొక సంగతి: పోగుల తీగ కొనకు టంకము పోసి మరమేకుక్రింద బిగించుట మంచిదని కొందఱనుకొందురు. టంకము మెత్తని లోహము; ఒత్తిడికి మెల్లమెల్లగా జారి, బిగువు సడలును. అట్లు చేయరాదు.

అతుకును ఎన్నుకొనుటకు ముందు అతుకు కావలయునా యని యడుగవలెను. మంచి పనివారు తీగను ఒక స్విచ్చి బోర్డునుండి మఱియొక బోర్డునకు, లేక సీలింగు రోజునకు తెగకుండ లాగి, ఆయా చోట్ల నున్న బిగింపులలోనే కలుపుదురు. గొట్టము లోపల అతుకు ఎప్పుడును ఉండకూడదు. అయితే మన యిండ్లు ఒక్కసారి కట్టినవి కావు. రెండు గదులతో మొదలైన యింటికి కుమారుని పెండ్లికి మూడవ గది చేరును. పిమ్మట స్నానపు గది, వెనుకటి రేకుల వసారా. రాతిగోడను తొలుచుట కష్టము కనుక పాత గది దీపపు తీగనుండియే క్రొత్త గదికి తీగ తీయుదురు. దీపమునకై వేసిన 1 చదరపు మిల్లీమీటరు తీగమీద ఫ్యాను, కూలరు, ఇస్త్రీపెట్టె ఒకదానివెంట నొకటి చేరుచుండును. ఇట్టిచోట ఎంత మంచి కనెక్టరును పెట్టినను ప్రయోజనము స్వల్పము. గీజరువంటి వానికి మీటరుప్రక్క నున్న పెట్టెనుండియే 4 చదరపు మిల్లీమీటర్ల తీగను వేఱుగా తీయవలెను. తప్పనిసరియగు అతుకులు మూత గల పెట్టెలో, నిచ్చెన వేసికొని తెఱచి చూడదగిన చోట నుండవలెను. సున్నము పూసి కప్పివేసిన యతుకును ఎవరు చూడగలరు?

ఇక కనెక్టరుల విషయము. అన్నిటికంటె చౌకయైనది ట్యూబులైటు పట్టీలలో నెల్లరును చూచిన ప్లాస్టిక్కు పట్టీ కనెక్టరు. పండ్రెండు గదులు వరుసగా నుండును, కావలసినన్ని కోసికొనవచ్చును. ప్రతి గదిలోను ఇత్తడి గొట్టము, దానికి రెండు మరమేకులు కలవు. ఒక్కొక్క గది వెల కప్పు చాయకు మించదు. దీపములకు, ఫ్యానులకు ఇది చాలును, బిగించుట తెలిసినయెడల. మరమేకు కొన నేరుగా పోగులమీద తిరుగును కనుక మిక్కిలి బిగించినచో పోగులు తెగును, వదలినచో పట్టదు. తాతలనాటి తీగలలో ఒకటియో మూడో లావైన పోగులుండెడివి. అవి మరమేకునకు తాళెడివి. ఇప్పటి తీగలలో వెండ్రుకలవంటి పోగులు అనేకము. అందుచేత కొనకు సన్నని రాగి గొట్టమును తొడిగి, దానికై చేసిన పట్టకారుతో నొక్కి, పిమ్మట మరమేకుక్రింద పెట్టవలెను. గీజరు, ఇస్త్రీపెట్టెవంటి వేడి వస్తువులవద్ద ప్లాస్టిక్కునకు బదులు పింగాణీ కనెక్టరును వాడుట మేలు. పింగాణీ కరగదు, అంటుకొనదు. ఏ రకమైనను దానిపై ఎన్ని ఆంపియర్లని ముద్రించియున్నదో చదివి కొనవలెను. ఏమియు ముద్రింపని దానిని దుకాణదారునికే తిరిగి యిచ్చివేయుడు.

స్ప్రింగు కనెక్టరు ఇటీవల మన పట్టణముల దుకాణములకును వచ్చినది. ఇట్టి వానికి పేరుపొందిన వాగో సంస్థ 1951లో జర్మనీదేశపు మిండెన్ పట్టణమున స్థాపింపబడెను. చిన్న మీటను ఎత్తి, తొడుగు తీసిన తీగను లోనికి త్రోసి, మీటను దింపినయెడల ఉక్కు స్ప్రింగు తీగను రాగిపట్టీకి అదిమి పట్టును. దీని గొప్పతనము సులభముగా పెట్టగలుగుటలో లేదు. తీగ వేడికి ఉబ్బినను, చల్లారి సన్నగిలినను స్ప్రింగు దానివెంటనే కదలుచు ఒత్తిడిని విడువదు. మరమేకున కీ గుణము లేదు. వీనిలో 4 చదరపు మిల్లీమీటర్ల తీగవఱకు పట్టు రకము 32 ఆంపియర్లకు తగినది. మీట లేక ఊరక గ్రుచ్చెడి రకము ఒంటిపోగు తీగలకు మాత్రమే. మన పోగుల తీగలకు మీట గల రకమునే యడుగవలెను. ఎంత కొన తొడుగు తీయవలెనో దాని ప్రక్కనే గుర్తు వేసియుండును. తక్కువ తీసినయెడల స్ప్రింగు తొడుగును కఱచును, రాగిని కఱవదు. వెల మొదటి రకముకంటె పెక్కు రెట్లు హెచ్చు. దీపమునకు దీనిని కొనలేనివారు కొనకున్నను మేమేమియు అనము. ఎక్కువ ప్రవాహము పోవు చోట మాత్రము వెనుదీయరాదు. అచ్చు అట్లే కనబడు నకిలీలును వచ్చుచున్నవి. వానిలోని స్ప్రింగు ఎట్టిదో పైనుండి తెలియదు కనుక నమ్మకమైన దుకాణముననే కొనవలెను.

ఉత్తర అమెరికాలో తీగలమీద త్రిప్పి తొడుగు టోపీలు సర్వత్ర కలవు. ఆ పద్ధతికి కెనడాలో విలియం మార్ అను తీగపని కంట్రాక్టరు ఆద్యుడు. మన దుకాణములలో అవి యరుదు కనుక వాని ప్రసక్తి యింతటితో చాలును.

రాగిని అల్యూమినియముతో కలుపుట వీని యన్నిటికంటె కష్టమైన పని. స్తంభమునుండి ఇంటికి వచ్చు సర్వీసు వైరు మన ప్రాంతమున తఱచుగా అల్యూమినియము, ఇంటిలోనిది రాగి. అల్యూమినియమును గీరిన మఱుక్షణముననే దానిపై కంటికి కనబడని యాక్సైడు పొర పట్టును. ఆ పొర విద్యుత్తును పోనీయదు. వేడికి ఈ లోహము రాగికంటె ఎక్కువ వ్యాకోచించును. మరమేకు ఒత్తిడికి మెల్లగా జారిపోవును. రెంటిని మెలిపెట్టినచోట వాన చినుకు పడినయెడల అది చిన్న బ్యాటరీవలె పనిచేసి అల్యూమినియమును తినివేయును. తెల్లని పొడి రాలుటయే దాని గుర్తు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1965 మొదలు 1973 వఱకు రాగి ప్రియమై పెక్కు యిండ్లకు అల్యూమినియము తీగలు వేసిరి. 1972కు పూర్వపు తీగలు గల అట్టి యిండ్లలో ఒక్క అతుకైనను నిప్పంటుకొను స్థితికి చేరుట రాగి తీగల యిండ్లలోకంటె 55 రెట్లు ఎక్కువ సంభవమని ఆ దేశపు వినియోగదారుల భద్రతా సంఘము విచారణలో తేలెను. చెడినవి తీగలు కావు, వాని చివరలని గమనింపుడు. రెండు లోహముల కలయికకు వానికొఱకే చేసిన ద్విలోహపు లగ్గులను, లేదా రెంటికిని తగినదని ముద్రించిన కనెక్టరులను, వానికి తగిన గ్రీజుతో వాడవలెను. లగ్గులను థింబులులని మన పనివారందురు. అయితే మీటరునకు ముందున్న యతుకు ఇంటివారిది కాదు. అక్కడ నిప్పురవ్వలు కనబడినచో చేయిపెట్టక 1912 సంఖ్యకు ఫోను చేసి తెలుపవలెను.

న్యూట్రలు తీగను గూర్చి మన ప్రజలలో నొక యుపేక్ష కలదు. దానిలో కరెంటుండదని, దాని యతుకు ఎట్లున్నను ఫరవాలేదని తలంతురు. ఫేజునుండి వెళ్లినంత ప్రవాహమును దానిగుండనే తిరిగి రావలెను. కావున అదియు అంతే వేడెక్కును. ఇంటిలోపల దాని యతుకు ఊడినయెడల దీపము వెలుగదు గాని, బల్బుగుండ ఫేజు వోల్టులు ఊడిన కొనవఱకు వచ్చి నిలుచును. దీపము లేదు గదా యని నల్లతీగను ముట్టినవాని గతి చెప్పనక్కఱలేదు. మూడు ఫేజుల సరఫరా గల వీథిలోనో, పెద్ద యింటిలోనో ఉమ్మడి న్యూట్రలు తెగెనా, రెండు ఫేజుల మధ్యనున్న 400 వోల్టులు రెండిండ్ల వస్తువులలో అసమానముగా పంచుకొనబడును. తక్కువ వాడుక గల యింటికే ఎక్కువ వోల్టులు పోవును. ఒక్క జీరో బల్బు, ఒక్క టెలివిజను పెట్టుకొని పొదుపుగా నున్న వారి టెలివిజనే ముందు కాలును.

మన యుభయ జిల్లాలలో బోరుబావిని విడిచి అతుకుల మాట ముగింపలేము. బావిలో దింపు మోటారు తీగకు బల్లపరుపు కేబులును కలుపు చోటు ఎల్లప్పుడును నీటిలో మునిగియుండును. ఇక్కడ పట్టీ కనెక్టరు గాని, స్ప్రింగు కనెక్టరు గాని పనికిరాదు. వానిలోనికి నీరు దిగును. మూడు తీగలను ఒకే పొడవున కోసి కలిపినయెడల మూడు ముళ్లును ఒకచోట చేరి, నీరు చొచ్చిన దినమున ఒకదానితో నొకటి కలియును. అందుచేత ఒకటి పొట్టిగా, ఒకటి నడిమిగా, ఒకటి పొడుగుగా కోసి, ముళ్లు మెట్లవలె వచ్చునట్లు చేయవలెను. ఒక్కొక్కదానిని రాగి గొట్టములో పెట్టి నొక్కి గాని, టంకము పోసి గాని కలిపి, రబ్బరు టేపును సాగదీయుచు అంచు అంచుమీద పడునట్లు చుట్టి, దానిపై ప్లాస్టిక్కు టేపును చుట్టవలెను. వేడిచేయగా ముడుచుకొని లోపలి బంకతో నంటుకొను గొట్టములును ఇప్పుడు దొరకుచున్నవి. నేర్పరులైన పనివారు ఆ యతుకును ఒక రాత్రి బకెట్టు నీటిలో నుంచి, మఱునాడు మెగ్గరుతో పరీక్షించిన పిమ్మట గాని మోటారును దింపరు. వందలాది యడుగుల లోతున నున్న మోటారును మరల పైకి తీయుటకు కూలీలకు ఇచ్చు సొమ్ముతో అట్టి గొట్టములు ఎన్నో కొనవచ్చును. నడియెండలలో నీరు లేక గడపవలసిన రెండు మూడు దినముల మాట వేఱు.

విద్యార్థులు ఈ విషయమును ఇంటి కరెంటుతో పరీక్షింపరాదు. ఉపాధ్యాయులయెదుట, ప్రయోగశాలలో, 12 వోల్టుల మోటారుసైకిలు బ్యాటరీతో చేయవచ్చును. 35 వాట్టుల హెడ్‌లైటు బల్బును దానికి తగిలించి, మార్గమున 5 ఆంపియర్ల ఫ్యూజు నొకటి పెట్టుడు. ప్రవాహము ఇంచుమించు 2.9 ఆంపియర్లు. తీగను నడుమ కోసి మెలికతో నొకసారి, పట్టీ కనెక్టరుతో నొకసారి, స్ప్రింగు కనెక్టరుతో నొకసారి కలిపి, ప్రతిసారియు అతుకున కిరువైపుల మల్టీమీటరు ముండ్లను పెట్టి మిల్లీవోల్టులను చదువుడు. 29 మిల్లీవోల్టులు చూపెనేని నిరోధము 0.01 ఓము. పిమ్మట మెలికను కొంచెము కదల్చి చదువుడు. ఉప్పునీటిలో ముంచి ఒక వారము ఆరబెట్టి చదువుడు. వచ్చిన యంకెలను పైని గీజరు లెక్కలో పెట్టి చూచుకొనుడు. టేపుక్రింద ఏమి జరుగునో అప్పుడు బోధపడును.

ఇంటిలో చెడుచున్న యతుకు తన సంగతిని తానే కొంత తెలుపును. ఫ్యాను వేయగానే దీపము రెపరెపలాడుట, బోర్డునుండి చిటపట ధ్వని, కాలిన ప్లాస్టిక్కు వాసన, స్విచ్చి చుట్టు గోధుమరంగు మరక, చేతి వెనుకభాగమునకు వెచ్చగా తోచు మూత, ఇవి కనబడినప్పుడు మెయినును ఆపివేయవలెను. ఇంటి తీగపని లైసెన్సు గలవారే చేయవలెనని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలనుండియు నియమము కలదు. వచ్చిన పనివానిని క్రొత్త టేపు చుట్టి పోనీయక, పెట్టె మూత తీసి చూపుమనుడు. నల్లబడిన రాగిని మెఱయువఱకు వెనుకకు కోసి, సరియగు కనెక్టరును పెట్టించి, ఒక్కొక్క తీగను మెల్లగా లాగి చూడుమనుడు. మొదటిసారి గీజరును అరగంటసేపు వాడిన పిమ్మట మెయినును ఆపి, ఆయనచేతనే మఱల మూత తీయించి, ఆ యతుకు వెచ్చబడెనా యని చూపింపుమని యడుగుడు.